కుడివైపు చూడని కుర్రాడు

కిందటి వారం మనం ఫేయ్ హోటల్లో ఉండగా కథ ఆగింది. ఓటిస్ క్రంప్ కాఫీ కప్పును బల్లమీద ఠపీమని పెట్టి, "ఆ పిల్లాడిలో ఏదో లొసుగుంది. లేకపోతే మన ఊరికెందుకొస్తాడు?" అనేసి కోటు తగిలించుకుని వెళ్ళిపోయాడు.

ఆ ప్రశ్నకు ఎల్డన్ ఊళ్ళో ఎవరి దగ్గరా జవాబు లేదు. అమోస్ పైక్ ఇంకా హైస్కూలు కుర్రాడు. ఎత్తు ఆరడుగుల ఎనిమిదంగుళాలు. కిందటేడు ఇండియానా రాష్ట్రంలో పేరున్న కాలేజీల కోచ్‌లంతా మన్సీ పట్టణంలో వాళ్ళింటి ముందు కార్లు ఆపుకుని కూర్చున్నారు. వేసవి దాటేసరికి ఒక్కొక్కరే జారుకున్నారు. ఎందుకో ఎవరూ చెప్పలేదు. ఆ సందులో ఎల్డన్ కాలేజీ కోచ్ డెన్నీ స్ట్రౌడ్ దూరి, కుర్రాడి చేత సరేననిపించుకుని వచ్చాడు. కాలేజీతో ఒప్పందం మీద సంతకం ఏప్రిల్లో. రాతి క్వారీలు మూతపడ్డాక ఎల్డన్‌కు చెప్పుకోవడానికి మిగిలింది ఆ కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టొకటే. అదీ ఏళ్ళ తరబడి ఓడుతూనే ఉంది. ఈసారి కూడా అడుగునే మిగిలితే డెన్నీ ఉద్యోగం ఉండదని ఊరంతా గుసగుసలు.

డెన్నీ ఎవరో కాదు, వెల్మా హేగడార్న్‌కు చెల్లెలి కొడుకు. వెల్మా తన ఉద్యోగకాలమంతా ఊరి హైస్కూల్లో ఆడపిల్లల జట్టుకు కోచ్‌గా ఉండి రిటైరైంది. ఊళ్ళో అందరూ ఇప్పటికీ ఆమెను 'కోచమ్మా' అనే పిలుస్తారు. ఓటిస్ వెళ్ళిపోయాక హోటల్లో అందరూ ఆమె ముఖం వైపే చూశారు. "శనివారం మన్సీలో వాడి ఆట ఉంది. నేనే వెళ్ళి చూసొస్తాను" అని మాత్రం అంది.

ఆ శనివారం రానే వచ్చింది.

* * *

పొద్దున్నే ఇనప సామాన్ల కొట్టు రస్ బ్యూలర్ తన వ్యాన్ తెచ్చి వెల్మా ఇంటి ముందు ఆపాడు. రోడ్డు పక్కన మంచు మురికిగా కుప్పలు పడి ఉంది. వెల్మా తలుపు తీసేసరికి ముందు సీట్లో ఓటిస్ కాళ్ళు బార్లా చాపుకుని, ఫ్లాస్కు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"నిన్నెవరు పిలిచారు?" అంది వెల్మా.

"ఎవరూ పిలవలేదు. రస్ వ్యాన్లో హీటరు బాగుంటుందని వచ్చాను."

"పొద్దున్న కొట్టు తెరవకముందే వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు కోచమ్మా. ఏం చెయ్యమంటావు?" అన్నాడు రస్, తప్పంతా తనదే అయినట్టు.

వెల్మా వెనక సీట్లో కూర్చుంది. ఓటిస్ అంటే ఆమెకు కోపం లేదు. సగం జీవితం రిఫరీగా ఈల ఊదినవాడు. ఎవడు పడ్డాడో, ఎవడు పడ్డట్టు నటించాడో తేల్చడమే పనిగా బతికి, చివరికి నిజంగా పడ్డవాణ్ణి కూడా నమ్మలేని స్థితికి వచ్చాడు. రస్ అందుకు పూర్తిగా వ్యతిరేకం. ఎల్డన్ జట్టులో చేరిన ప్రతి కొత్త కుర్రాడూ ఊరి దశ తిప్పేస్తాడని నమ్మి, ప్రతిసారీ నిరాశపడి, మళ్ళీ నమ్మేవాడు.

ఊరు దాటగానే రస్ ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకుని, రెండో చేత్తో ఫోన్ వెనక్కి అందించాడు. "ఆ వీడియో చూడు కోచమ్మా. మూల నుంచి వేసే షాట్ చూడు. బంతి చేతుల్లోంచి ఎప్పుడొదిలాడో కూడా తెలీదు. అంత పొడుగువాడు పిల్లిలా దిగుతాడు కిందికి. చప్పుడే ఉండదు."

"రోడ్డు చూసి తోలరా బాబూ. మనం దిగితే చప్పుడొస్తుంది" అన్నాడు ఓటిస్.

"నువ్వూ చూశావుగా. నిజం చెప్పు. అట్లాంటి చేతులు మన ఊళ్ళో ఎప్పుడైనా చూశామా?"

"చేతుల సంగతి నేనేమీ అనలేదు. వాడు నిలబడే చోటు చూడు. ఎప్పుడూ కుడివైపు అంచు గీత పక్కనే. ఏ ఆటైనా తీసుకో. రింగు కింద అందరూ కొట్టుకు చస్తుంటే దొరగారు గీత పక్కన గాలి పీలుస్తుంటాడు. అంత ఎత్తున్నవాడు మధ్యలోకి ఎందుకు రాడు?"

"షాట్లు వేసేవాడు. మధ్యలోకొచ్చి ఏం చేస్తాడు?"

"అదీ కాదు. కుడివైపు నుంచి పాస్ వస్తే పట్టుకోడు. నిన్న రాత్రంతా చూశాను. అటు నుంచి ఎవడైనా విసిరితే పట్టించుకోకుండా పోతాడు. తోటివాళ్ళంటే లెక్కలేదు. నాకైతే ఒకటే అనిపిస్తోంది." ఓటిస్ సీట్లో వెనక్కి తిరిగాడు. "ఏదో పెద్ద కాలేజీ వాణ్ణి మన దగ్గర దాచింది. ఇప్పుడు కావాలనే సగం ఆట ఆడి, ఎవరి కన్నూ పడకుండా చూసుకుంటున్నాడు. ఏప్రిల్లో సంతకం రోజున టీవీ వాళ్ళ ముందు వేరే కాలేజీలో చేరుతున్నానని వాళ్ళ టోపీ తీసి నెత్తిన పెట్టుకుంటాడు. మనకీ ఒక టోపీ పెట్టి పోతాడు."

ఆ టోపీ మాట రస్‌కు బాగా గుచ్చుకుంది.

వెల్మా ఫోన్లో శబ్దం తీసేసి వీడియో చూస్తోంది. బంతి వెంట పోకుండా బంతి లేనప్పుడు కుర్రాడేం చేస్తున్నాడో చూడడం ఆమె అలవాటు. ఓటిస్ చెప్పిన రెండు సంగతులూ నిజమే. కాని అతను చెప్పిన కారణం మాత్రం ఆమెకు మింగుడు పడలేదు. ఆటను దాచుకునేవాడు అంత చెమటోడ్చడు.

"ఏమంటావు కోచమ్మా?" అన్నాడు ఓటిస్.

"చూశాక చెప్తాను."

"నీ చెల్లెలి కొడుకు తెచ్చిన సరుకు కదా. నీకన్నీ బాగానే కనిపిస్తాయి."

"నాకేం కనిపిస్తోందో నీకు చెప్పానా?"

"చెప్పవు. అదే నా అనుమానం."

అప్పుడే ఆమె ఫోన్ మోగింది. డెన్నీ. తెల్లవారినప్పటి నుంచి ఇది మూడోసారి. వారం పదిరోజులకొకసారి కూడా ఫోన్ చెయ్యనివాడు, పెద్దమ్మ మన్సీ వెళ్తోందని తెలిసిన పూటే ఎందుకింత ప్రేమ చూపిస్తున్నాడు? వెల్మా ఫోన్ మోగనిచ్చింది, ఎత్తలేదు. అద్దంలోంచి ఓటిస్ ఆమెనే చూస్తున్నాడు.

* * *

మన్సీలో ఆ హైస్కూలు జిమ్ నేల మట్టానికి కిందికి తవ్వి కట్టింది. తలుపు తీసి లోపలికెళ్ళగానే కింద గోతిలో బల్లలాగా మెరుస్తూ ఆట స్థలం కనిపిస్తుంది. మధ్యాహ్నం ఆటకే చెక్క బెంచీలన్నీ నిండిపోయాయి. వేయించిన మొక్కజొన్న పేలాల వాసన. రస్ ముగ్గురికీ పంది మాంసం శాండ్‌విచ్‌లు తెచ్చాడు. మాంసం ముక్క రొట్టెకు రెండింతలుండి నాలుగు వైపులా వేలాడుతోంది. ఓటిస్ దాన్ని కూడా అనుమానంగా తిప్పి చూసి, తర్వాత తిన్నాడు.

అమోస్ పైక్ మొదటి బంతికే జిమ్‌ను లేపి నిలబెట్టాడు. కుడి మూల నుంచి, కాళ్ళు గీతకు వెంట్రుక వాసి ఇవతల ఉంచి, వేలి కొసలతో అలా వదిలాడు. వల మాత్రమే కదిలింది. తర్వాత రింగుకు తగిలి తిరిగొచ్చిన బంతిని లాగేసుకుని ఒక రీబౌండు. తర్వాత ఎడమవైపు ముగ్గురి మధ్యలోంచి ఎవరికీ కనిపించని సందులోకి ఒక పాస్. రస్ బెంచీ ఎక్కి ఈలవేశాడు.

"ఏమంటావు ఓటిస్? సగం ఆటంటే ఇదేనా? పూర్తి ఆట ఆడితే పైకప్పు కూలిపోద్దేమో!"

ఓటిస్ పెదవి విరిచాడు. "ఆగు. ఆట ఇంకా అయిపోలేదు."

రెండో భాగంలో ఎదుటి జట్టు బంతి పోగొట్టుకుంది. అమోస్ అందరికన్నా ముందు మైదానం మధ్యలోంచి రింగు వైపు పరుగెత్తాడు. అతనికి కుడి పక్కన వాళ్ళ జట్టు కుర్రాడే బంతి కొట్టుకుంటూ పరుగెత్తుతున్నాడు. ఎదురుగా ఎవరూ లేరు. ఆ కుర్రాడు బంతిని మెత్తగా, పసిపిల్లకు విసిరినట్టు విసిరాడు.

అది వెళ్ళి అమోస్ చెవి మీద తగిలింది. చేతులు పైకి లేవనే లేదు.

జిమ్ అంతా గొల్లున నవ్వింది. పాస్ ఇచ్చిన కుర్రాడు రెండు చేతులూ చాచి 'ఏంటిది?' అన్నట్టు నిలబడ్డాడు. అమోస్ కూడా చెవి రుద్దుకుంటూ నవ్వాడు.

"చూశారా!" ఓటిస్ లేచి నిలబడ్డాడు. "చూశారా! చెయ్యి కూడా ఎత్తలేదు! కావాలని చేశాడు. ఇంతకన్నా ఏం కావాలి మీకు?"

"లైటు కళ్ళలో పడిందేమో" అన్నాడు రస్. గొంతులో బలం లేదు.

వెల్మా ఆ మాటలు వినడం లేదు. నవ్వు ఆగిపోయాక కుర్రాడేం చేస్తాడా అని చూస్తోంది. అమోస్ తన చోటికి నడిచి, ఆట మళ్ళీ మొదలయ్యే ముందు మెడంతా తిప్పి కుడివైపు చూసుకున్నాడు. రోడ్డు దాటే మనిషి చూసుకున్నట్టు. గడ్డం భుజాన్ని తాకేదాకా తిప్పాడు. తర్వాత నెమ్మదిగా మళ్ళీ కుడివైపు గీత పక్కకు జరిగి, దానికి ఆనుకున్నట్టు నిలబడ్డాడు.

ఆమె చేతిలో శాండ్‌విచ్ అలాగే ఉండిపోయింది.

మెడ అలా తిప్పేవాణ్ణి ఆమె ఏళ్ళ తరబడి చూసింది. ఆమె అన్న లీలండ్. క్వారీలో రాయి చిట్లి ముఖాన తగిలాక భోజనాల బల్ల దగ్గర ఉప్పు డబ్బా కోసం అచ్చం అలాగే మెడ తిప్పి వెతికేవాడు. కొత్తలో గ్లాసులో పాలు పోస్తుంటే పక్కన పడేవి. ఇంట్లో పిల్లలందరూ ఎవరూ చెప్పకుండానే ఆయనకు ఒక పక్క కూర్చోవడం నేర్చుకున్నారు. రెండో పక్క కూర్చుంటే ఆయనకు వాళ్ళు లేనట్టే.

ఆటలో మిగిలిన భాగమంతా ఆమె స్కోరు చూడలేదు. 'తొందరపడకు' అని తనకు తాను చెప్పుకుంది. ఓటిస్ తన అనుమానానికి తగ్గ సాక్ష్యాలు ఏరుకుంటున్నట్టే, నువ్వూ నీ అనుమానానికి ఏరుకుంటున్నావేమో.

అమోస్ జట్టు గెలిచింది. జనం మెట్లు దిగి ఆటగాళ్ళ చుట్టూ మూగారు. రస్ అందరినీ తోసుకుని ముందుకెళ్ళి, కుర్రాడు గీత దాటి వస్తుంటే కుడి పక్కగా చేరి, చెయ్యి చాచాడు. "అమోస్ బాబూ! మేం ఎల్డన్ నుంచొచ్చాం! నీ కోసమే!"

డప్పులు మోగుతున్నాయి. అందరూ ఏదో ఒకటి అరుస్తున్నారు. అమోస్ ఎడమవైపున్న ముసలావిడ చెయ్యి ఆప్యాయంగా పట్టుకుని ఊపాడు. ఆమె పక్కనున్న పిల్ల తల నిమిరాడు. రస్ చెయ్యి పక్కనుంచే, చూడకుండా, దాటి వెళ్ళిపోయాడు.

రస్ చెయ్యి కాసేపు గాలిలో అలాగే ఉంది. తర్వాత జేబులో పెట్టుకున్నాడు.

"తృప్తిగా ఉందా?" అన్నాడు ఓటిస్. కాని ఈసారి అతని గొంతులో వెటకారం లేదు. స్నేహితుడి ముఖం చూసి అతనికే బాధేసినట్టుంది. "ఇంకా మన కాలేజీలో అడుగు పెట్టలేదు. అప్పుడే ఇంత పొగరు."

"పొద్దున్న నుంచి చెప్తూనే ఉన్నావుగా. పద" అన్నాడు రస్.

"మీరెళ్ళి వ్యాన్ వేడెక్కించండి. నేనొస్తాను" అంది వెల్మా.

ఓటిస్ ఆగాడు. "ఎక్కడికి?"

"బాత్రూమ్‌కి. తోడొస్తావా?"

* * *

జనం వెళ్ళిపోయేసరికి జిమ్ చల్లబడింది. స్నానం చేసి బట్టలు మార్చుకున్న అమోస్ అన్నింటికన్నా కింది బెంచీ మీద కూర్చుని, మోకాలి మీద మంచుముక్కల సంచి పెట్టుకుని ఉన్నాడు. దగ్గర్నుంచి చూస్తే ఇంకా చిన్నవాడిలా ఉన్నాడు. మీసం సరిగ్గా రాలేదు.

వెల్మా అతనికి ఎడమవైపు వచ్చి కూర్చుంది. "బాగా ఆడావు. నా పేరు వెల్మా హేగడార్న్. ఎల్డన్ నుంచి వచ్చాను."

కుర్రాడు గబుక్కున లేవబోయాడు. "మీరేనా మేడమ్? కోచ్ స్ట్రౌడ్ గారి పెద్దమ్మ గారు?"

"మా వాడు నా గురించి చెప్పాడా?"

"చెప్పారు." అమోస్ నవ్వాడు. "ఊళ్ళో ఆట నిజంగా తెలిసినవాళ్ళు మీరొక్కరేనన్నారు. మీకు కొంచెం దూరంగా ఉండమన్నారు."

అనేశాక అనకూడని మాట అన్నట్టు నాలుక కరుచుకున్నాడు. వంగి బూటు తాడు కట్టుకోసాగాడు. "సరదాకే అన్నార్లెండి."

"ఏమో. మా వాడికి సరదాలు తక్కువ."

వెల్మా లేచింది. మెత్తటి బూట్లు వేసుకుంది కాబట్టి చప్పుడు కాలేదు. బెంచీ వెనకగా నడిచి అతనికి కుడివైపు, చెయ్యి చాస్తే తగిలేంత దగ్గర నిలబడింది. అమోస్ తాడు ముడి వేస్తూ మాట్లాడుతూనే ఉన్నాడు. "ఆ చెవి మీద తగిలిన పాస్ చూసి మీరు నవ్వుకునుంటారు. మా వాళ్ళు ఏడాది పొడుగునా ఏడిపిస్తారింక. పరధ్యానం మేడమ్. ఒక్కోసారి అలా అవుతుంది." తలెత్తి ఎడమవైపు చూశాడు. అక్కడెవరూ లేరు. "మేడమ్?"

ఆమె పలకలేదు.

"మేడమ్, వెళ్ళిపోయారా?"

"ఇటున్నాను బాబూ" అంది వెల్మా.

కుర్రాడు ఉలిక్కిపడ్డాడు. గడ్డం భుజానికి తగిలేలా మెడంతా తిప్పి ఆమెను చూశాడు. మంచు సంచి జారి నేలమీద పడింది. ఇద్దరిలో ఎవరూ దాన్ని తియ్యలేదు.

"ఎందుకలా చేశారు?" అన్నాడు చివరికి.

"నిన్ను అడిగితే పరధ్యానం అంటావని."

"పరధ్యానమే."

"మా రస్ నీకోసం మంచులో ఇంత దూరం వచ్చి చెయ్యి చాస్తే కూడా పరధ్యానమేనా? నిన్ను పొగరుబోతు అనుకుంటూ వెళ్ళి వ్యాన్లో కూర్చున్నాడు. అలాగే అనుకోమని చెప్పనా?"

అమోస్ ముఖం పాలిపోయింది. "ఎవరో చెయ్యి చాచారా? నాకు..." ఆగిపోయాడు. లేచి నిలబడ్డాడు. నిలబడితే ఆమె అతని ఛాతీ దాకా వచ్చింది. "మీకేం కావాలి మేడమ్? నేను గెలిచాను. షాట్లన్నీ వేశాను. ఇంకేం చూడ్డానికొచ్చారు మీరంతా? సంతలో గుర్రం పళ్ళు చూసినట్టు చూసి పోతారు. వీడు ఎగురుతాడా, వీడు దిగుతాడా! చాలదా?"

"కుడి కన్ను ఎప్పట్నుంచి కనిపించట్లేదు?"

ఆ ప్రశ్న అంత మామూలుగా అడిగింది, తలనొప్పి ఎప్పట్నుంచని అడిగినట్టు. కుర్రాడు మళ్ళీ బెంచీ మీద కూలబడ్డాడు. వెల్మా వెనక్కి తిరిగి వచ్చి అతనికి కనిపించేలా ఎడమవైపే కూర్చుంది. ఆ పని చూసి అతని కోపం సగం జారిపోయింది.

"జూలైలో" అన్నాడు. "పార్కులో ఊరికే ఆడుతున్నాం. ఎవరి మోచెయ్యి తగిలిందో కూడా తెలీదు. ఆ పూట ఏం కాలేదు. పొద్దున్నే లేచేసరికి కుడివైపు తెర దించేసినట్టుంది. ఆపరేషన్ చేశారు. ఆలస్యమైందన్నారు. ఇప్పుడు వెలుగు తెలుస్తుంది. మనుషులైతే పొగలాగుంటారు."

"పెద్ద కాలేజీల వాళ్ళకి తెలిసిందా?"

"తెలీదు. పరీక్షలకు రమ్మన్నారు. నేను వెళ్ళలేదు. ఏదో దాస్తున్నాననుకుని వాళ్ళే మానుకున్నారు."

"మరి ఆట?"

"మళ్ళీ నేర్చుకున్నాను." మొదటిసారి అతని గొంతులోకి కొంచెం గర్వం వచ్చింది. "కొత్తలో బంతి ఎంత దూరంలో ఉందో కూడా తెలిసేది కాదు. ముఖాన తగిలేది. గోడకి కొట్టుకుని కొట్టుకుని పట్టడం నేర్చుకున్నాను. తర్వాత ఒకటి తెలిసింది. కుడివైపు గీతను ఆనుకుని నిలబడితే, ఆ వైపు ఇంకెవరూ ఉండరు కదా మేడమ్. ఉన్న ఆటంతా ఎడమవైపే ఉంటుంది. అదంతా నాకు కనిపిస్తుంది."

ఫేయ్ హోటల్లో వారాల తరబడి వాదించుకున్నది దీని గురించేనా! వాడి అడ్డా అని ఒకరు, వాడి పిరికితనం అని ఒకరు. ఇన్నేళ్ళలో ఎంతోమంది పిల్లలకు ఆట నేర్పింది ఆమె. తనకు లేని సగం ప్రపంచాన్ని గీత బయటికి నెట్టేసి ఆడిన పిల్లను ఒక్కదాన్నీ చూడలేదు. వాణ్ణి దగ్గరికి తీసుకోవాలనిపించింది. చెంప మీద ఒకటివ్వాలని కూడా అనిపించింది.

"ఆ రెండో కన్నుకు తగిలితే?"

అమోస్ వంగి నేలమీది మంచు సంచి తీసి పక్కన పెట్టాడు.

"కాపాడే కళ్ళజోడు పెట్టుకుని ఆడొచ్చు కదా?"

"పెట్టుకుంటే ఎందుకని అడుగుతారు. అడిగితే చెప్పాలి. చెప్తే ఒంటికన్నువాణ్ణి ఎవరు తీసుకుంటారు?"

"మీ అమ్మకి తెలుసా?"

"తెలుసు. అందుకే లోపలికి రాదు. ఆటయ్యేదాకా బయట కార్లోనే కూర్చుంటుంది. చప్పట్లు వినిపించినా కారు అద్దం దించదట. నాకు దెబ్బ తగిలిందేమోనని భయం." మూతి తుడుచుకున్నాడు. "ఈ ఒక్క కాలేజీ మేడమ్. చదువు ఉచితం. నాలుగేళ్ళు. ఆ తర్వాత మానేస్తాను. ఎవరికీ చెప్పకండి."

వెల్మాకు అన్న గుర్తొచ్చాడు. లీలండ్‌కు ఒక కన్ను పోయాక కూడా బతుకు గడిచింది. కాని రెండోది కూడా పోయుంటే? ఆ ఆలోచన అప్పట్లో ఆ ఇంట్లో ఎవరూ పైకి అనలేదు గాని, లీలండ్ ఇంటికి రావడం కాస్త ఆలస్యమైన ప్రతిరోజూ అందరూ కిటికీ దగ్గరే నిలబడేవాళ్ళు.

"చూడు బాబూ, నీ ఆట సంగతి ఎవరడిగినా, నేను చూసినవాళ్ళలో నువ్వే గొప్పవాడివని చెప్తాను. అది నిజం. కాని ఇది నేను దాచలేను. సోమవారం వెళ్ళి డెన్నీకి నువ్వే చెప్పు. కళ్ళజోడు పెట్టుకుని ఆడే దారి ఉంటే వాడే చూస్తాడు. మా వాడు మొండివాడే గాని చెడ్డవాడు కాదు. నువ్వు చెప్పకపోతే నేను చెప్పాల్సొస్తుంది."

అమోస్ ఆమె వైపు వింతగా చూశాడు. "ఎవరికి చెప్తారు?"

"మీ కోచ్‌కి. మా డెన్నీకి."

కుర్రాడు నవ్వలేదు గాని, నవ్వబోయి ఆగినట్టయింది. నేల వైపు చూస్తూ అన్నాడు. "ఆయన మొదటిసారి మా ఇంటికొచ్చినప్పుడు సోఫాలో నా కుడివైపు కూర్చున్నారు మేడమ్. మాట్లాడుతూ మాట్లాడుతూ చెయ్యి చాచారంట. నాకు తెలీదు. చివరికి ఆయనే నా చెయ్యి తీసి పట్టుకుని, 'మా లీలండ్ మావయ్య కూడా నీలాగే చూసేవాడు' అన్నారు."

వెల్మాకు జిమ్ చలి ఒక్కసారి ఎముకల్లోకి దిగినట్టయింది. ఆ భోజనాల బల్ల దగ్గర ఆమె ఒక్కతే కూర్చోలేదు కదా. డెన్నీ చిన్నప్పుడు రోజూ కూర్చునేవాడు, లీలండ్‌కు కనిపించే పక్కన. పొద్దున్న నుంచి వచ్చిన ఫోన్లన్నీ ఆమె చెవిలో మళ్ళీ మోగాయి.

"ఏమన్నాడు?" అంది.

"ఎవరికీ చెప్పొద్దన్నారు. కళ్ళజోడు కూడా వద్దన్నారు. సంతకం ముందు కాలేజీ డాక్టరు గోడ మీద అక్షరాలు చదివిస్తాడట. ఎడమ కన్ను మూసినప్పుడు చదవాల్సినవి ముందే వచ్చేస్తే చాలన్నారు. వరస ఆయనే నేర్పించారు." అమోస్ కళ్ళు మూసుకుని చిన్న బళ్ళో పిల్లాడిలా అప్పజెప్పాడు. "ఇ. ఎఫ్, పి. టి, ఓ, జెడ్. ఎల్, పి, ఇ, డి..."

అప్పుడే అవతల తలుపు చప్పుడు లేకుండా తెరుచుకుంది.

ఎల్డన్ కాలేజీ ఆకుపచ్చ కోటు వేసుకుని డెన్నీ స్ట్రౌడ్ లోపలికొచ్చాడు. తొందరగా కారు తోలుకొచ్చినవాడిలా జుట్టంతా రేగి ఉంది. బెంచీ మీద పెద్దమ్మను, కుర్రాణ్ణి చూసి ఆగాడు. తర్వాత గీత పక్కగా, అమోస్‌కు కుడివైపు నుంచి, ఒక్కొక్క అడుగూ మెత్తగా వేసుకుంటూ దగ్గరికొచ్చాడు. పది మంది పట్టే బెంచీ మరో చివర నిలబడ్డాడు. వెల్మా కళ్ళలోకి చూస్తూ, పెదవుల మీద వేలు పెట్టాడు.

అమోస్ కళ్ళు తెరిచాడు. అతనికి ఏమీ కనిపించలేదు. "అదొక్కటే కాదు మేడమ్. ఇంకో మాట కూడా చెప్పారు. ఒకవేళ ఆ రెండో కన్నుకు ఏదైనా అయితే ఏం చెప్పాలో, తప్పు ఎవరి మీద పెట్టాలో కూడా..."

డెన్నీ తల అడ్డంగా ఊపాడు. వద్దు. రెండు చేతులూ జోడించాడు. అతని కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. అవి సిగ్గుతో వచ్చినవో, భయంతో వచ్చినవో వెల్మాకు అర్థం కాలేదు. పుట్టినప్పటి నుంచి ఎరిగిన ముఖం అది. ఇప్పుడు దాన్ని నమ్మాలో వద్దో తెలియడం లేదు.

అమోస్ మాట ఆపేశాడు. ఆమె చూపు తన భుజం మీదుగా ఎటో పోతోందని గమనించాడు.

"ఏంటి మేడమ్, అలా చూస్తున్నారు? నా పక్కన ఎవరైనా ఉన్నారా?"

వెల్మా డెన్నీ ముఖంలోకి ఒకసారి చూసింది. తర్వాత కుర్రాడి చెయ్యి తన చేతిలోకి తీసుకుంది.

"ఉన్నారు" అంది.

అమోస్ మెల్లగా మెడ తిప్పడం మొదలుపెట్టాడు.